ఒకే నంబరు మీద నలభై ఒక్కమంది

మా కంపెనీ గురించి మాట్లాడేవాళ్లు మామూలుగా రెండు తప్పులు చేస్తారు. దాన్ని మా చెల్లెలి కూతురు ఒక్కతే పెట్టిందనుకుంటారు. నేను పొద్దుపోక అక్కడికి వెళ్లి కూర్చుంటాననుకుంటారు. గుడివాడ స్టేషనుకు దగ్గర్లో, సైకిళ్ల షాపు పైన ఉన్న ఆ గదికి మొదటిరోజు తాళం తీసింది నేను. ఫ్యాను ఎంత దుమ్ము కొట్టుకుని ఉందో, ఏ కిటికీకి గొళ్లెం లేదో నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసి ఉంది. నా పింఛను డబ్బులో కొంత, హైదరాబాదు ఉద్యోగంలో ఆ పిల్ల కూడబెట్టుకున్నది కొంత. బయటివాళ్ల రూపాయి ఒక్కటి కూడా అందులో లేదు. అయినా ఇప్పటికీ ఎవరైనా ఫోను చేస్తే, "సార్ ఉన్నారా అమ్మా?" అనే అడుగుతారు. ఏ సారు అని నేను ఎదురడుగుతాను.

అంతకుముందు ముప్పై నాలుగేళ్లు బందరులో ఒక పెద్ద ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేశాను. వచ్చిన మనిషి పాత కాగితాలు వెతికి తియ్యడం నా పని. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఊరు, వయసు. ఈ నాలుగూ సరిగ్గా చెబితే ఐదు నిమిషాల్లో తీసిచ్చేదాన్ని. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే ఎర్ర సిరాతో గీత గీసి, పుట్టుమచ్చ ఎక్కడుందో పక్కన రాసుకునేదాన్ని. అన్నేళ్లలో ఒకరి కాగితం ఇంకొకరి చేతికి వెళ్లింది మూడుసార్లు. ఆ మూడూ ఏ రోజున జరిగాయో, ఎవరెవరికి జరిగాయో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

మా అమ్మాయి, అంటే ఆ చెల్లెలి కూతురే, ఉద్యోగం మానేసి వచ్చినప్పుడు ఏం చేద్దామనే ప్రశ్న లేదు. చిన్న చిన్న క్లినిక్కుల్లో టోకెన్లు, పాత రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేద్దామంది. డాక్టరు ఒక్కడు, బల్ల దగ్గర ఒక అమ్మాయి, బయట బెంచీల మీద నలభైమంది ఉండే క్లినిక్కులు. వాటి గురించి నాకు తెలియనిది లేదు. ప్రోగ్రాము రాయడం తన వంతు. తప్పులు పట్టడం, బల్లల దగ్గర కూర్చునే అమ్మాయిలకు నేర్పడం, వచ్చిన ప్రతి ఫిర్యాదూ రోజు, గంటతో సహా రాసిపెట్టడం నా వంతు. పొద్దున బందరులో ప్యాసింజరు ఎక్కితే పెడన, గుడ్లవల్లేరు దాటి గుడివాడ వచ్చేలోపు ముందురోజు ఫిర్యాదులన్నీ వరసలో పెట్టేసేదాన్ని. ఆరేళ్లలో పంతొమ్మిది క్లినిక్కులయ్యాయి. మా ఇద్దరితో పాటు జీతానికి ఇద్దరమ్మాయిలు. ఎవరి దయా లేకుండా ఆ గది అలా నడిచింది.

ప్రతి క్లినిక్కు గోడకీ మేమొక బోర్డు తగిలించేవాళ్లం. "ఒక్కసారి చెబితే చాలు." ఆ వాక్యం నాది. పాత చీటీ పారేసుకుని, అదే రోగం కథ ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకునే ముసలివాళ్లను ముప్పై నాలుగేళ్లు చూసినదాన్ని. ఇక చెప్పనక్కర్లేదు, మేము రాసి ఉంచుతాం అని మాట ఇచ్చాను. మా అమ్మాయి చాలా బాగుందంది. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

మొదట్లో ప్రతి మనిషికీ ఒక నంబరిచ్చి చిన్న కార్డు మీద రాసిచ్చేవాళ్లం. మూడో ఏట డాక్టర్లు గొణగడం మొదలుపెట్టారు. కార్డులు పారేసుకుంటున్నారట, బల్ల దగ్గర ఆలస్యమవుతోందట. ఊరంతా ఫోను నంబరు కొడితే మనిషి వివరాలు వచ్చేస్తుంటే మీరింకా కార్డులంటారేమిటని ఒకాయన నవ్వాడు. మా అమ్మాయి మార్చింది. ఫోను నంబరు కొడితే ఆ మనిషి పాత కాగితాలన్నీ తెర మీదికొస్తాయి. పరీక్ష చేసింది నేనే. మా వీధిలో ఇరవైమందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరినే ఎక్కించి చూశాను. ఒక్క తప్పు రాలేదు. నోటుబుక్కులో "సరిగ్గా ఉంది" అని రాసి కింద సంతకం పెట్టాను.

మా వీధిలో ఆ ఇరవైమందీ నాలాగా పింఛను తీసుకునేవాళ్లు. ప్రతివాళ్లకీ సొంత ఫోను ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నా సంతకం ఇప్పటికీ ఆ పేజీలో అలాగే ఉంది, నేను కొట్టెయ్యలేదు.

ఆరో ఏట సెప్టెంబరు, మొదటి గురువారం. బందరులో మా క్లినిక్కుల్లోకెల్లా పెద్దదాని నుంచి ఫోనొచ్చింది. అక్కడ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఏడుస్తోంది. దివిసీమ నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు డాక్టరుగారు జ్వరానికి మాత్రలు రాశారట. ఆవిడ అక్కడే మొదటి మాత్ర వేసుకుని బస్సు కోసం కూర్చుంది. గంటలోపే పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక వెనక్కి వచ్చింది. ఆ మాత్రల్లో ఉన్న సల్ఫా మందు ఆవిడకు పడదు. ఏడాదిన్నర కిందట మొదటిసారి వచ్చినప్పుడే ఆ మాట చెప్పింది. బల్ల దగ్గర ఎక్కించారు కూడా. ఆ రోజు తెర మీద మాత్రం "పడని మందులు: ఏమీ లేవు" అని ఉంది.

ఆ రోజు నేను గుడివాడ రైలు ఎక్కలేదు. నేరుగా క్లినిక్కుకు వెళ్లాను. అప్పటికి ఇంజెక్షన్లు ఇచ్చి పడుకోబెట్టారు, ప్రమాదం తప్పింది. ఆవిడ నా ఈడుదే. మొహం ఇంకా ఉబ్బే ఉంది. మందు పడదని డాక్టరుతో మళ్లీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. ఆవిడ గోడ మీద మా బోర్డు వైపు చూసింది. చదువురాదు, ఎవరో చదివి చెప్పారట.

"ఒక్కసారి చెబితే చాలన్నారు కదండీ. మళ్లీ మళ్లీ చెబితే విసుక్కుంటారేమోనని ఊరుకున్నా."

కంప్యూటరు దగ్గరికి వెళ్లి ఆవిడ ఇచ్చిన ఫోను నంబరు కొట్టించాను. ఆ నంబరు మీద తెరిచిన కాగితాలు పైనుంచి కిందికి చదివాను. ఆ ఒక్క మనిషికీ షుగరుంది, ఐదో నెల కడుపుంది, చంటిపిల్లల దగ్గుంది, తాటిచెట్టు మీంచి పడి విరిగిన కాలుంది. వయసు ఒకచోట ఎనిమిది, ఒకచోట డెబ్బై మూడు. ఎవరొచ్చినా బల్ల దగ్గర అమ్మాయి పైన పేరు మార్చేసి కింద కొత్త సంగతులు ఎక్కించింది. పడని మందుల గడిలో చివరికొచ్చినవాళ్ల జవాబు ముందువాళ్లదాన్ని తుడిచేసింది. కాగితం తీసుకుని లెక్కపెట్టాను. నలభై ఒక్కమంది.

ఆ నంబరు ఒక ఆటో అతనిది. కోడూరు వైపు ఒక ఊరి నుంచి వారానికి రెండు రోజులు పెద్ద ఆటోలో జనాన్ని బందరు ఆసుపత్రులకు తీసుకొస్తాడు. వీధిలో అందరికీ బావో, మావయ్యో. ముందురోజు సాయంత్రం ఎవరెవరు వస్తారో అడిగి, తెల్లారగానే తన ఫోనులోంచే అందరికీ టోకెన్లు వేస్తాడు. రిపోర్టు వస్తే అతనికే మెసేజి వస్తుంది, ఇంటికి వెళ్లి చదివి చెబుతాడు. దివిసీమలో అందరికీ తెలిసిన ఏర్పాటు అది. కొన్ని ఊళ్లలో ఆటో అతను, కొన్ని ఊళ్లలో మందుల షాపాయన. ఎవరికీ అందులో విడ్డూరం లేదు. ఒక ఫోనంటే ఒక మనిషి అనుకున్న మాకే తెలియలేదు.

డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాను. ఆయన నాకా అవకాశమే ఇవ్వలేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో తప్పుందని బయట అనకండి, నా క్లినిక్కు పేరూ పోతుంది, అన్నారు. ఆ తరవాత కుర్చీలో వెనక్కి వాలి, "అయినా ఆవిడ చెప్పాలి కదండీ. నోరు లేదా?" అన్నారు.

ఆ మాటకు నాకొచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా తగ్గలేదు. నోరుంది. ఏడాదిన్నర కిందటే విప్పింది. ఆవిడ నోరు మూయించింది నా బోర్డు, ఆవిడ చెప్పింది తుడిచేసింది మా ప్రోగ్రాము, అడగకుండా మాత్ర రాసింది ఆయన చెయ్యి. ఈ మూడు తప్పులూ ఒళ్లు వాచి పడుకున్న మనిషివి ఎలా అవుతాయి? ఇదంతా ఆయనతో అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ వచ్చే సోమవారం మేము ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాల్సి ఉంది. విజయవాడలో ఒక ఆసుపత్రుల గ్రూపు, చుట్టుపక్కల ఊళ్లలో తను తెరుస్తున్న పన్నెండు క్లినిక్కులకూ మా సాఫ్ట్‌వేరే తీసుకుంటానంది. ఆరేళ్లలో మాకొచ్చిన మొదటి పెద్ద పని అది. వాళ్లకు మాలో బాగా నచ్చింది కూడా ఆ ఫోను నంబరు పద్ధతే. వాళ్ల మేనేజరు మా గదికి వచ్చినప్పుడు ఆ మాటే నాలుగుసార్లు అన్నాడు. నంబరుంటే మెసేజిలు పంపుకోవచ్చు, మళ్లీ రమ్మనొచ్చు. ఎన్ని నంబర్లుంటే అంతమంది కస్టమర్లట. రోగి అనే మాట అతని నోట ఒక్కసారి కూడా రాలేదు, నేను లెక్కపెట్టాను.

శుక్రవారం పొద్దున గుడివాడ వెళ్లి, మా అమ్మాయి ముందు ఆ నలభై ఒక్కమంది కాగితం పెట్టాను. చదివింది. తరవాత మిగతా క్లినిక్కులు కూడా ఒక్కొక్కటే తెరిచి చూసింది. మధ్యాహ్నానికి లెక్క తేలింది. పంతొమ్మిదింటిలో పదకొండుచోట్ల ఇలాంటి నంబర్లున్నాయి. గుడివాడలో ఒక మందుల షాపు నంబరు మీద అరవై మంది ఉన్నారు.

తను సరిచేద్దామంది. అందులో మాకు తేడా లేదు. ఎప్పుడు, ఎలా అన్నదగ్గరే వచ్చింది. సోమవారం సంతకం పెట్టేద్దాం, రెండు నెలల్లో చప్పుడు చెయ్యకుండా లోపల మార్చేద్దాం, ఎవరికీ తెలియనక్కర్లేదు అంది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. ఆరేళ్లు సొంత జీతం ఆఖర్న తీసుకుంది. చాలా నెలలు తీసుకోలేదు కూడా. ఆ ఇద్దరమ్మాయిలకు ఏ నెలా ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. నాకవన్నీ తెలుసు, రాసి ఉన్నాయి.

ఈ రెండు నెలల్లో ఇంకొకరికి పడని మందు పడితే ఏం చేద్దామని అడిగాను.

"పెద్దమ్మా, ఇది బయటపెడితే గ్రూపు వెళ్లిపోతుంది. ఉన్నవాళ్లూ వెళ్లిపోతారు. గది కూడా ఉండదు మనకి."

"ఉండదు."

"నువ్వు అంత తేలిగ్గా అంటావేంటి? నీకు పింఛనుంది."

ఆ మాట తగిలింది. నిజం కాబట్టి తగిలింది. పక్క బల్ల దగ్గర ఉన్న అమ్మాయిలిద్దరూ తలెత్తలేదు. నేను నోటుబుక్కు తీసి, నా సంతకం ఉన్న పేజీ తెరిచి తన ముందు పెట్టాను. పరీక్ష చేసింది నేను, పాసు చేసింది నేను, బోర్డు రాసింది నేను, కాబట్టి అందరికీ ఉత్తరం నా పేరు మీద వెళ్తుంది, తప్పు నాదని రాస్తాను, నిన్ను ఎవరూ ఏమీ అనరు అన్నాను.

దానికి తనకింకా కోపమొచ్చింది. కంపెనీ తప్పు చేస్తే ముసలమ్మ మీద పెట్టి తను తప్పించుకుందని ఊళ్లో అనుకోవాలా అంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద ఎవరో టైరుకు గాలి కొట్టించుకుంటున్నారు. అది అయ్యేదాకా అలాగే నిలబడి, తిరిగొచ్చి కూర్చుని, ఉత్తరం తనే టైపు చేసింది. "మా పొరపాటు వల్ల" అని మొదలుపెట్టింది. పదకొండు క్లినిక్కుల్లో ఏయే నంబర్ల మీద మనుషులు కలిసిపోయారో పట్టిక జతచేసింది. మేము సరిచేసేవరకూ తెర మీద పడని మందుల గడిని నమ్మవద్దనీ, ప్రతి రోగినీ నోటితో అడగమనీ రాసింది. కింద సంతకాలు ఇద్దరివీ. మూడింటికల్లా పంతొమ్మిది క్లినిక్కులకూ వెళ్లింది. గ్రూపు మేనేజరుకు కూడా ఒకటి పంపింది. దాచి సంతకం పెట్టించుకోవడం తనవల్ల కాదంది.

మేనేజరు శనివారం ఫోను చేశాడు. కోపంగా ఏమీ లేడు, జాలిపడ్డాడు. ఇలాంటివి ఎవరైనా కాగితం మీద పెడతారా మేడం, ఈ వ్యాపారానికి మీరు కొత్త అన్నాడు. ఆరేళ్లయిందని మా అమ్మాయి చెప్పింది. సోమవారం ఎవరూ రాలేదు.

ఆ నెలాఖరుకు నాలుగు క్లినిక్కులు మమ్మల్ని మానేశాయి. బందరు డాక్టరుగారిది అందులో మొదటిది. పోతూపోతూ, మీవల్ల మాకు చెడ్డపేరు అని ఉత్తరం రాశారు. ఆ పెద్దావిడ గురించి అందులో ఒక్క ముక్క లేదు. మా ఇద్దరమ్మాయిల్లో ఒకామె వేరే ఉద్యోగం చూసుకుంది. వెళ్లేముందు రెండు వారాలు జీతమడక్కుండా పనిచేసింది. నేను బలవంతాన ఇచ్చాను.

మనుషుల్ని విడదీసే పని మాత్రం ప్రోగ్రాముతో అయ్యేది కాదు. ఏ దగ్గు ఎవరిదో, ఏ షుగరు ఎవరిదో కంప్యూటరుకెలా తెలుస్తుంది? నేనే దివిసీమ బయల్దేరాను. అవనిగడ్డలో బస్సు దిగితే ఆటో అతను ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు. నన్ను చూడగానే తన నంబరు వల్ల ఆవిడకు అలా అయిందని వంగిపోయాడు. నీ తప్పేమీ లేదు నాయనా, నువ్వు చేసిన ఉపకారానికి మేము గడి పెట్టలేదు అన్నాను. అతనికి అర్థమైందో లేదో. నావల్లే అన్న ఆ మాట డాక్టరుగారు అని ఉండాల్సింది, మేనేజరు అని ఉండాల్సింది. తప్పులేనివాడు ఒక్కడే తలొంచుకుని నిలబడ్డాడు.

మూడు రోజులు అతని ఆటోలోనే ఇల్లిల్లూ తిరిగాం. నా చేతిలో పాత రికార్డు గది పద్ధతిలో గీసుకున్న కాగితాలు. పేరు, తండ్రి లేక భర్త, ఊరు, వయసు. ఒకచోట ఒకే పేరుతో అత్తాకోడళ్లు ఉన్నారు. ఎర్ర కలంతో గీత గీశాను. కాలు విరిగినాయన, ఆ చెట్టు తాటిచెట్టు కాదు, కొబ్బరిచెట్టు, సరిగ్గా రాయండి అన్నాడు. రాశాను. ఐదో నెల కడుపుతో వచ్చిన పిల్ల ఇప్పుడు ఏడాది బిడ్డను ఎత్తుకుని ఉంది. సల్ఫా పడని పెద్దావిడ మజ్జిగ ఇచ్చి, ఈసారి నన్నే పరీక్ష చేసింది.

"నాకేది పడదో చెప్పండి చూద్దాం."

చెప్పాను. తలూపింది.

మూడోరోజు సాయంత్రానికి నలభై ఒక్కమందీ విడిపోయారు. ఆటో అతను స్టీరింగు దగ్గర కూర్చుని కాగితాలు చూస్తున్నాడు. తనదేది అని అడిగాడు. వెతికాను. రెండేళ్లలో అతని నంబరు మీద నూట ఆరుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టుంది. అతను తనకోసం వెళ్లింది ఒక్కసారి కూడా లేదు. ఎప్పుడైనా ఒంట్లో బాగుండలేదా అంటే, అప్పుడప్పుడూ తల తిరుగుతుందండీ, వీళ్లందర్నీ దించి వచ్చేసరికి టైమైపోతుంది అన్నాడు. మర్నాడు పొద్దున అవనిగడ్డలో మాతో ఇంకా ఉన్న క్లినిక్కుకు అతన్ని నేనే తీసుకెళ్లి, మొదటి టోకెను వేయించాను. బీపీ ఉందన్నారు. నలభై రెండో కాగితం అతనిది.

ఇప్పుడు మా ప్రోగ్రాములో ఫోను నంబరు కింద ఇంకో గడి ఉంది, "ఈ ఫోను ఎవరిది?" అని. తనది, ఇంట్లోవాళ్లది, పక్కింటివాళ్లది, ఆటో అతనిది, మందుల షాపుది. పడని మందుల గడిని ఇక ఎవరూ తుడవలేరు, చేర్చడమే. మానేసిన నాలుగింటితో సహా అన్ని క్లినిక్కుల్లోనూ బోర్డులు నేనే దగ్గరుండి దింపించాను. వాటి చోట "పడని మందు ప్రతిసారీ చెప్పండి" అని పెట్టాం. కంపెనీ నడుస్తోంది. పదిహేనుకు ఇంకో రెండు కలిశాయి. మా అమ్మాయి జీతం ఇంకా ఆఖరునే.

పోయిన నెల గుడివాడలో మోకాలు నొప్పెడితే, ఆ గ్రూపువాళ్లు కొత్తగా తెరిచిన క్లినిక్కు దగ్గరే ఉందని వెళ్లాను. లోపల అద్దాలు, చల్లటి గాలి. బల్ల దగ్గర అమ్మాయి నా పేరు అడగలేదు, ఫోను నంబరు చెప్పమంది. ఆ అమ్మాయి తల వెనక గోడ మీద లోపల లైటు వెలిగే పెద్ద బోర్డు ఉంది. నీలి అక్షరాలు. "ఒక్కసారి చెబితే చాలు."

నా వాక్యం. మా గదికి వచ్చినప్పుడు ఆ మేనేజరు చూసి, బాగుందని మెచ్చుకున్న వాక్యం. నేను సిగ్గుపడి పంతొమ్మిది గోడల మీంచి దింపించినది తెచ్చి, దీపం పెట్టి తగిలించుకున్నారు. అందులో ఉన్న ప్రమాదం గురించి మేము రాసిన ఉత్తరం కూడా వాళ్ల దగ్గరే ఉంది.

బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఉన్నావిడ బందరు దగ్గర గూడూరు నుంచి వచ్చిందట, ఫోను మరిదిది ఇచ్చిందట. మీకు పడని మందులేమైనా ఉంటే లోపలికి వెళ్లాక డాక్టరుకు మళ్లీ చెప్పండమ్మా అన్నాను. అటువైపు ఉన్నాయనకూ చెప్పాను. బల్ల దగ్గర అమ్మాయి, పెద్దవారు, లేచి తిరక్కండి, కూర్చోండి మేడం అంది. కూర్చునే చెప్పాను, కొంచెం గట్టిగా. నా టోకెను పిలిచేలోపు పదమూడుమందికి చెప్పాను.